గ పోయింది, గుడి మిగిలింది

దొరికింది! మూడు రాత్రులు తిన్న బగ్ నిన్న ఒంటిగంటకు దొరికింది.

నా బుల్లి ఇంటర్‌ప్రెటర్‌లో (రాసిన కోడ్ చదివి నడిపే ప్రోగ్రామ్) స్ట్రింగులు, అంటే అక్షరాల వరసలు, లోపల యూటీఎఫ్-16 పద్ధతిలో ఉంటాయి: తెలుగు గుర్తుకి 2 బైట్లు. ఫైళ్లు యూటీఎఫ్-8 అనే ఇంకో పద్ధతిలో ఉంటాయి కాబట్టి చదివేటప్పుడు ఐకాన్వ్ అనే రెడీమేడ్ ఫంక్షన్‌తో మార్చుకుంటాను. చిన్న ఫైళ్లన్నీ బాగానే వచ్చాయి. పాత చిత్తూరు జిల్లా ఊళ్ల జాబితా ఎక్కించగానే ఒక చంద్రగిరిలో గ ఎగిరిపోయింది. దాని చోట 'చదవలేకపోయా' అని చెప్పే డైమండ్ ప్రశ్నార్థకాలు మూడు, పక్కన చుక్కల సున్నాకి వేలాడుతూ ఒంటరి గుడి. తిరుపతిలో ఉంటే ఏం పోయినా గుడి మిగులుతుందిలే అని మొదటి రాత్రి నవ్వుకున్నాను.

ఫాంట్ అనుకున్నా. కానీ కింద ఇంకో చంద్రగిరి శుభ్రంగా ఉంది. ఫైల్ పాడైందేమో అనుకున్నా. బైట్లు తీసి చూస్తే 224, 176, 151 మూడూ ఉన్నాయి, అంటే గ క్షేమం. ఇలాంటివాటికి కోడ్‌ని అడుగడుగునా ఆపి చూపే డీబగ్గర్ కంటే, ఫైల్ బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్‌డంపే మేలు.

రెండో రాత్రి 'తి' ఒక్కటే 3000 సార్లు రాసి ఇచ్చాను. 18000 బైట్లు. 9 డైమండ్లు వచ్చాయి: 4096, 8192, 16384 దగ్గర మూడేసి. 12288 దగ్గర మాత్రం ఏమీ లేదు! 4096 నా బఫర్ సైజు, అంటే ఫైల్‌ని ఒక్కో విడతకి అన్ని బైట్లే చదువుతాను. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకి (త ఒకటి, దాని గుడి ఇంకొకటి) 3 బైట్లు. 4096ని 3తో భాగిస్తే 1 మిగులు, 8192కి 2, 12288కి సున్నా. అక్షరం మధ్యలో కత్తి పడుతోంది.

వెంటనే బఫర్ 4095 చేశాను. డైమండ్లు మాయం, హాయిగా పడుకున్నా. పొద్దున్నే ఊళ్ల జాబితాలో ఈసారి పుత్తూరు విరిగింది. స్పేస్, న్యూలైన్ ఒక్కో బైటే కదా, ఆ లెక్క నిలుస్తుందా!

అసలు తప్పు నాది. బైట్ చెడ్డదైతే ఐకాన్వ్ ఈఇల్‌సెక్ అనే ఎర్రర్ ఇస్తుంది, అక్షరం సగంలో ఆగితే ఈఇన్‌వాల్ అనే ఎర్రర్ ఇస్తుంది. రెండింటినీ ఒకే ఇఫ్‌లో పడేసి, బైట్‌కో డైమండ్ పెట్టి ముందుకు నడిపాను. అందుకే గకి మూడు. ఇప్పుడు ఈఇన్‌వాల్ వస్తే మిగిలిన బైట్లను బఫర్ మొదటికి జరిపి, వాటి తర్వాత నుంచి చదువుతాను. ఫైల్ అయిపోయాక కూడా సగమే ఉంటే అప్పుడే డైమండ్.

ఆస్కీని (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లాంటి ఒక్క బైట్ గుర్తులు, 127 వరకు) 8 బైట్లు ఒకేసారి చూసే షార్ట్‌కట్ కూడా పెట్టాను, పనిచేస్తోంది. తెలుగుకి దాంతో లాభం లేదు, ప్రతి బైటూ 127 దాటినదే. తెలుగు గుర్తుల్లా 224తో మొదలయ్యేవాటికి ఐకాన్వ్ లేకుండా సొంత కోడ్ రాయాలనుంది. ఐకాన్వ్ ముసలి ఎద్దు, నమ్మకమైనదే, కానీ మెల్లగా నడుస్తుంది. అసలు లోపల కూడా యూటీఎఫ్-8 ఉంచుకుంటే మార్చే పనే ఉండదు. కాకపోతే 'తిరుపతి' 14 బైట్ల నుంచి 21 అవుతుంది, ఇండెక్సింగ్ (ఫలానా నంబరు గుర్తుని నేరుగా అందుకోవడం) కష్టమవుతుంది. ఈ ఆదివారం రెండూ రాసి టైమ్ చూస్తాను.