ఆ ఎరుపు బంగారానిది

గడ్చిరోలి జిల్లా సిరొంచాలో ఉన్న మా అక్క కొడుక్కి మొన్న చలిజ్వరం వచ్చింది. ఆశా కార్యకర్త వేలు గుచ్చి, రక్తపు చుక్క మలేరియా టెస్ట్ పట్టీ మీద వేసి, "పావుగంట ఆగు అక్కా" అంది. అక్కకి టెన్షన్. నేనేమో వాడిని వదిలేసి పట్టీని చూస్తున్నానని తిట్లు.

రెండు గీతలు వచ్చాయి, అంటే జబ్బు ఉన్నట్టే. ఫాల్సిపారం అనే రకం మలేరియా. ఆ రోజే మందు మొదలైంది, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

ఆ గీతల ఎరుపు రక్తానిది కాదు, బంగారానిది. నానోమీటర్లలో కొలిచే బంగారు రేణువులు ఎర్రగానే కనిపిస్తాయి. వాటికి అంటించిన యాంటీబాడీలు (ఒక్కో పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు) మలేరియా క్రిమి వదిలే హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్‌ని పట్టుకుని, నైట్రోసెల్యులోజ్ అనే కాగితంలాంటి పట్టీ వెంట పాకి, గీత దగ్గర కాచుకున్న మరో యాంటీబాడీకి చిక్కుతాయి.

అసలు కష్టమంతా ఆ అంటించడంలోనే. యాంటీబాడీ బోర్లా అతుక్కుంటే పట్టుకునే కొసలు కిందికి పోతాయి, ఇక దండగ. ద్రావణం పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి, సరిగ్గా కుదరాలి. ఖాళీగా మిగిలిన బంగారాన్ని వేరే ప్రోటీన్‌తో కప్పాలి, లేకపోతే అడ్డమైనవన్నీ వచ్చి అంటుకుంటాయి. ఇంతా చేస్తే ఎండకీ తేమకీ పాడయ్యే సరుకు. మే నెలలో సిరొంచా ఎండ తెలిసినవాళ్లెవరూ ఈ కిట్లని రేకుల షెడ్డులో పెట్టరు.

మందు అయిపోయాక మళ్లీ ఇదే టెస్ట్ చేయిద్దామంటోంది అక్క. వద్దన్నాను. ఆ ప్రోటీన్ జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి రక్తంలో ఉండొచ్చు, గీత వస్తే ఊరికే భయపడుతుంది. జ్వరం తిరగబెడితే మాత్రం స్లైడ్ తీయించి మైక్రోస్కోప్‌లో చూపించాలి.