పది కిలోల బరువు

ఇంకో మెట్టు ఉందన్న సంగతి గమనించకుండా అడుగు వేశాను. పాదం నేలకు అతుక్కుపోయింది, మోకాలు మాత్రం పక్కకు తిరిగింది. లోపల ఏదో చిట్లిన శబ్దం నాకు స్పష్టంగా వినిపించింది. అప్పుడు నా వయసు ముప్పై నాలుగేళ్లు.

మొదట చూపించుకున్న చోట కండరం పట్టేసిందన్నారు. మాత్రలతో, విశ్రాంతితో ఐదు నెలలు గడిపాను. ఆ ఐదు నెలలు ఇప్పటికీ నన్ను బాధపెడుతూనే ఉన్నాయి. నొప్పిని ఎలాగో ఓర్చుకున్నాను కానీ, ముడిచిన కాలు చాపబోతే సగంలో బిగుసుకుపోయినప్పుడల్లా భయం వేసేది. చివరికి ఎమ్మారై తీయించుకుంటే, తొడ ఎముక కింది చివర లోపలి వైపున దాదాపు నాలుగు చదరపు సెంటీమీటర్ల మేర ఎముకను కప్పి ఉండే మృదులాస్థి లేదని తేలింది.

"గుజ్జు అరిగిపోయిందా డాక్టర్ గారూ?" అని అడిగాను. మోకాలి నొప్పి అనగానే అందరి నోటా వచ్చే మాట అది.

ఆయన తెరను నా వైపు తిప్పారు. "అరగలేదు, పెచ్చు ఊడింది. చుట్టూ ఉన్నది బాగానే ఉంది. అదే మీ అదృష్టం."

గుజ్జు అనే మాట విని విని, అదేదో మెత్తని పదార్థం అనుకుంటూ వచ్చాను. నిజానికి అది తెల్లగా, నున్నగా, గట్టిగా ఉండే పొర. మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. బరువులో మూడింట రెండు వంతులు నీరే. రక్తనాళాలు ఉండవు, నరాలు ఉండవు. చర్మం తెగితే రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ నుంచే మానడం మొదలవుతుంది. ఇక్కడ రక్తమే రాదు కనుక ఆ మొదలే ఉండదు. మృదులాస్థి ఒకసారి నశిస్తే తిరిగి రాదని విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే రాశాడట. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎముకకు సన్నని రంధ్రాలు పొడిచి, మజ్జలోని రక్తాన్ని పైకి రప్పించే మైక్రోఫ్రాక్చర్ ఒక దారి అని డాక్టర్ చెప్పారు. అప్పుడు ఏర్పడేది ఎక్కువగా పీచు మృదులాస్థి, అసలు దానంత మన్నిక ఉండదు. చిన్న గాయానికి సరిపోవచ్చు కానీ, నాకున్నంత వెడల్పు గాయంలో ఎక్కువ కాలం నిలవకపోవచ్చన్నారు. రెండో దారి నా కణాలనే బయట పెంచి మళ్లీ నాలో పెట్టడం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు బ్రిట్‌బర్గ్, పీటర్సన్ బృందం 1994లో 23 మంది మోకాళ్లలో ఈ పద్ధతి ఫలితాలు ప్రచురించింది. రెండేళ్ల తర్వాత చూస్తే, తొడ ఎముక చివర చేయించుకున్న 16 మందిలో 14 మందికి మంచి ఫలితం వచ్చింది. చిప్ప వెనక చేయించుకున్న ఏడుగురిలో ఇద్దరికే. నా గాయం తొడ ఎముక మీద ఉంది. ఆ కొద్దిమంది రోగుల లెక్కను పట్టుకునే సరేనన్నాను.

మొదటి ఆపరేషన్‌లో గొట్టం పెట్టి, పెద్దగా బరువు పడని అంచు నుంచి చిన్న ముక్క తీశారు. ఆ తర్వాత కొన్ని వారాలు నా కణాలు ప్రయోగశాలలో పెరిగాయి. అక్కడ ఏం జరుగుతుందో ఫిజియోథెరపిస్టు ఒకరోజు చెప్పారు. చదునైన పాత్రలో పెరిగేటప్పుడు ఈ కణాలు తమ గుండ్రని రూపం కోల్పోయి సాగిపోతాయి, పీచు కణాల్లా మారతాయి. మృదులాస్థికి కావలసిన రెండో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్ బదులు మొదటి రకాన్ని తయారుచేస్తాయి. మళ్లీ అన్ని వైపులా ఆసరా ఉండే జెల్‌లోనో, స్పాంజి లాంటి చట్రంలోనో ఉంచితే పాత స్వభావం తిరిగి వస్తుంది. ఇలా కణాలతో కొత్త కణజాలం తయారుచేసే కణజాల ఇంజినీరింగ్‌లో కణాన్ని పెంచడం ఎంత ముఖ్యమో, దానికి తగిన ఇల్లు కట్టడం కూడా అంత ముఖ్యమని అప్పుడు తెలిసింది.

రెండో ఆపరేషన్‌లో మోకాలు తెరిచి, గాయం అంచులు శుభ్రం చేశారు. కణాలు నింపిన కొల్లాజెన్ పొరను ఆ ఆకారానికే కత్తిరించి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రిన్ అనే ప్రోటీన్‌తో చేసిన జిగురుతో అతికించారు. మెలకువ వచ్చేసరికి నా కాలు ఒక యంత్రంలో ఉంది. అది నెమ్మదిగా ముడుస్తూ, చాపుతూ ఉంది.

అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది. రెండు చంకకర్రలు, మోకాలికి ఆసరాగా కట్టే బ్రేస్, ఇంట్లో బరువు తూచుకునే యంత్రం. "ఆపరేషన్ చేసిన కాలిని యంత్రం మీద పెట్టి, ముల్లు పది కిలోల దగ్గరికి వచ్చేదాకా నొక్కండి. అంతకు మించొద్దు. అంతకు తగ్గొద్దు" అన్నారు ఫిజియోథెరపిస్టు. మించొద్దనడం అర్థమైంది. తగ్గొద్దనడం అర్థం కాలేదు. నాకు ముల్లు నాలుగు దాటితేనే చెమటలు పట్టేవి. అంత ఖరీదైన కణాలు నలిగిపోతాయని భయం. వాటికి కీడు చేయకూడదని కాలిని గాలిలోనే ఉంచేదాన్ని.

రెండో వారంలో ఆమె ఆ సంగతి పట్టేశారు. కోప్పడలేదు. నా పక్కన కూర్చుని, "రక్తం అందని చోట వాటికి తిండి ఎలా వెళ్తుందనుకుంటున్నారు? కీలులోని ద్రవం నుంచే. మీరు నొక్కితే నీరు బయటికి వస్తుంది, వదిలితే పోషకాలతో లోపలికి వెళ్తుంది. మీరు కాలు కదపకపోతే అవి ఆకలితో ఉంటాయి" అన్నారు. ప్రయోగశాలల్లో కూడా ఈ కణజాలాన్ని లయగా నొక్కుతూ పెంచి చూస్తారని, అలా పెంచినది గట్టిపడుతుందని చెప్పారు. ఆ సాయంత్రం మొదటిసారి ముల్లును పది దాకా తీసుకెళ్లాను. చేతులు వణికాయి, మోకాలు వణకలేదు.

పది ఇరవై అయింది, ఇరవై సగం ఒంటి బరువయింది. ఎనిమిదో వారంలో ఒక కర్ర, పదో వారంలో కర్రలు లేకుండా. మధ్యలో ఒకసారి ఉత్సాహంలో ఎక్కువ నడిస్తే మోకాలు నిండుకుండలా వాచింది. వాపును కొలబద్దగా చూడమన్నారు. మర్నాటికి తగ్గితే ఆ పని సరిపోయింది, తగ్గకపోతే ఎక్కువైంది. మందుల కంటే ఆ ఒక్క నియమం నాకు ఎక్కువ సాయం చేసింది.

ఏడాదికి తీసిన స్కానులో గుంట నిండి ఉంది. కొత్త భాగం ఛాయ చుట్టూ ఉన్నదానికంటే కొంచెం వేరుగా కనిపించింది. "ఇంకా ముదరాలి, రెండేళ్ల దాకా పడుతుంది" అన్నారు డాక్టర్. కాలు మధ్యలో బిగుసుకోవడం పూర్తిగా పోయింది. మెట్లు రెండు కాళ్లతో మార్చి మార్చి దిగుతున్నాను, ఆఖరి మెట్టు దగ్గర మాత్రం ఆగి కిందికి చూస్తాను. పరుగుకు ఇంకా అనుమతి లేదు. ఎక్కువసేపు కూర్చుని లేస్తే మొదటి నాలుగు అడుగులు బిగుతుగా ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నంతసేపూ కుర్చీ కింద కుడి కాలిని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపుతూనే ఉన్నాను.