చేతులు బోర్లించిన రోజు

క్యాథలిక్ ఫాదర్‌గా నాకు గురుపట్టం దక్కి అప్పటికి మూడేళ్లు. పల్నాడులో ఒక విచారణ (పారిష్), దాని కింద ఏడు ఊళ్లు నా బాధ్యత. ఆ ఊళ్లలో ఒకదానిలో ఒక పెద్దాయన మంచం పట్టాడని, ఊళ్లో ప్రార్థనలు, బోధ చూసుకునే ఉపదేశి చెబితే, తైలపు సీసా జేబులో వేసుకుని వెళ్లాను. ఆయన కోడలు గుమ్మంలోనే నిలబడి, "ఫాదర్ గారూ, ఇంకా అంతదాకా రాలేదండీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను తప్పుపట్టలేను. రోగికి తైలం పూసి ప్రార్థించే ఆ సంస్కారాన్ని మన పెద్దలు తరతరాలుగా 'అవస్థ అభ్యంగనం', అంటే చావు వేళ తైలం పూయడం, అన్నారు కాబట్టి, తైలం ఇంట్లోకి వచ్చిందంటే మనిషి ప్రాణం మీద ఆశ వదులుకున్నట్టేనని మన వాళ్ల మనసుల్లో నాటుకుపోయింది. 1963లో క్యాథలిక్ బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ దీనిని వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే సముచితమని చెప్పినా, ఆ భయం ఇళ్లలో అలాగే ఉండిపోయింది. నేను ప్రార్థన మాత్రం చేసి తిరిగి వచ్చాను.

ఆ మరుసటి ఏడు క్రిస్మస్ తర్వాత నాకు దగ్గు పట్టుకుంది. మా ప్రాంతంలో ఆ కాలమంతా మిరప కల్లాల ఘాటు గాలిలోనే ఉంటుంది కనుక నేనూ దానినే కారణమనుకున్నాను. ఫిబ్రవరి 9న ఊళ్ల వాళ్లతో కలిసి గుణదల మాత ఉత్సవాలకు వెళ్లి, మూడు రోజులూ గంటల తరబడి పాపసంకీర్తనాలు, అంటే గురువు ముందు జనం చెప్పుకునే పాపాల ఒప్పుకోళ్లు, విన్నాను. 11వ తేదీ లూర్దు మాత పండుగే కాక ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం కూడా; ఆ రోజు రోగుల కోసం ప్రార్థిస్తూనే ఒళ్లు వెచ్చబడటం గమనించి, అలసట అనుకుని ఊరుకున్నాను. దగ్గరి పట్టణంలో ఒక వైద్యుడు రెండుసార్లు దగ్గు మందు రాసిచ్చారు తప్ప ఛాతీ ఎక్స్‌రే తీయించలేదు. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాటికి సాయంత్రం జ్వరం రోజూ వచ్చేది, రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది, 63 కిలోల బరువు 56కి దిగింది. చివరకు ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ల పరీక్ష చేసి టీబీ అని తేల్చారు.

నాకేమవుతుందోనన్న దిగులు కంటే ముందు నా మనసులో మెదిలింది పాపసంకీర్తన పీఠం. అక్కడ మనిషి నా చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడతాడు, నేను అతని ముఖానికి అంత దగ్గరగానే ఊపిరి తీస్తాను. బలిపీఠం దగ్గర సాయం చేసే పిల్లలు వారానికి ఆరు రోజులు నా పక్కనే నిలబడ్డారు. వాళ్లకు, బంగళాలో వంట చేసే ఆమెకు, ఉపదేశికి పరీక్షలు చేయించి, ఎవరికీ ఏమీ లేదని తెలిసేవరకు గడిచిన తొమ్మిది రోజుల్లో నేను సరిగా జపమాల కూడా చెప్పలేకపోయాను. గుణదలలో నా దగ్గర మోకరించిన వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్ల కోసం ఈనాటికీ ప్రార్థిస్తాను.

చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, నా బరువుకు రోజుకు నాలుగు. తర్వాత నాలుగు నెలలు ఒక మందు తగ్గుతుంది. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో రాగానే బెదిరిపోతే, అది మందు రంగేనని ఆశా కార్యకర్త చెప్పి ధైర్యమిచ్చింది. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, నేను వద్దంటున్నా గది గుమ్మం దగ్గరే చాప వేసుకుని పడుకుంది. పక్క విచారణ గురువు మా గుడిలో పూజ చేస్తుంటే, నేను కిటికీ పక్కన చిన్న బల్ల మీద ఒక్కడినే పూజ చేసుకునేవాడిని. ఎదుట ఎవరూ లేకుండా గురువు చేసే పూజలో 'ప్రభువు మీతో ఉండునుగాక' అన్న పలకరింపు ఉండదు, చివరి ఆశీర్వాదమూ ఉండదు. ఇన్నేళ్లుగా అలవాటుగా అనేసిన ఆ మాట కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో ఆ గదిలోనే తెలిసింది.

మూడో వారంలో వాంతులతో బాగా నీరసించి ఉండగా, మా మేత్రాసనంలో (డయోసిస్‌లో) విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్ద గురువు నన్ను చూడటానికి వచ్చారు. పాపసంకీర్తనం అయ్యాక, "అభ్యంగనం తీసుకుంటావా బాబూ?" అని అడిగారు. నాలో లేచిన మొదటి మాట, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కోడలి మాటే: ఇంకా అంతదాకా రాలేదు కదా. తైలం నా అలమరాలోనే ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారంలో పీఠాధిపతులు (బిషప్ గారు) ఆశీర్వదించగా నేనే విచారణకు తెచ్చుకున్న తైలం అది. అయినా ఏ గురువూ తనకు తాను అభ్యంగనం చేసుకోలేడు, తన పాపాలను తానే క్షమించుకోలేడు. ఎంతమందికి ఇచ్చినవాడైనా, తన వంతు వచ్చినప్పుడు మరొకరి ముందు చెయ్యి చాచవలసిందే.

ఆయన బైబిల్‌లోని యాకోబు లేఖ 5వ అధ్యాయంలో, రోగికి తైలం పూసి ప్రార్థించమనే మాటలు నెమ్మదిగా చదివారు. వణుకుతున్న బొటనవేలితో నా నొసటి మీద సిలువ గుర్తు వేశారు. నేను అలవాటు కొద్దీ అరచేతులు చాపితే, ఆయన వాటిని మెల్లగా బోర్లించారు. "నీ అరచేతులకు గురుపట్టం నాడే తైలం పూశారు కదా. గురువుకు చేతుల వెనుకవైపు పూయడం మా పాతకాలపు పద్ధతి" అన్నారు. సూదులు గుచ్చి కమిలిన చోట, నరం మీదుగా తైలం చల్లగా పాకింది. ప్రభువు నిన్ను లేపునుగాక అన్న మాట నేను ఎందరి మంచాల పక్కనో పలికాను. పడుకుని వినడం అదే మొదటిసారి. తెల్లారేసరికి వాంతులు ఆగిపోయాయని నేను చెప్పడం లేదు, మరో పది రోజులు అలాగే ఉన్నాయి. ఆ రాత్రి మాత్రం భయం లేకుండా నిద్రపోయాను.

సెప్టెంబరులో మందులు పూర్తయ్యాయి, గళ్ల పరీక్షలో ఏమీ లేదన్నారు. కోలుకున్నాక మొదటి ఆదివారం ప్రసంగంలో నా జబ్బు పేరు, నాకు జరిగిన అభ్యంగనం దాచకుండా చెప్పాను. ఆ వారంలోనే ఆ పెద్దాయన మనవడిని బండి మీద పంపాడు. ఈసారి కోడలే గుమ్మం దాకా ఎదురువచ్చి, బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి కొవ్వొత్తి వెలిగించింది. పెద్దాయన ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చుని, "మీకు పూసిందే నాకూ పూయండి ఫాదర్ గారూ" అంటూ చేతులు చాపాడు. మిరప కాయలు ఏరి ఏరి బీటలు వారిన అరచేతులవి. ఆ బీటల్లోకి ఇంకేదాకా తైలం రాశాను.