దోమతెర ఎవరికి కట్టాలి?

తిరుపతి కొర్లగుంటలోని మా పాత ఇంట్లో ఎండాకాలం రాత్రుళ్లు అందరమూ మిద్దెమీదే పడుకునేవాళ్లం. ఎడమకాలికి బోదకాలు వచ్చిన అవ్వకు మాత్రం నులకమంచం నాలుగు కోళ్లకూ వెదురుకర్రలు కట్టి దోమతెర వేసేవారు. మిగిలిన ఏడుగురమూ దుప్పటి ముసుగుతో సరిపెట్టుకునేవాళ్లం. జబ్బు అవ్వది కాబట్టి తెర కూడా అవ్వదే అన్నది మా ఇంటి న్యాయం. అది తలకిందుల న్యాయమని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు.

కాలు వాచి చర్మం మొద్దుబారే దశకు వచ్చేసరికి చాలామంది రోగుల నెత్తుటిలో మైక్రోఫైలేరియాలు, అంటే ఈ జబ్బు తెచ్చే పురుగుల పిల్లలు, కనిపించవు. పైకి ఏ లక్షణమూ లేకుండా తిరిగే మనిషి నెత్తుటిలోనే అవి దండిగా ఉండవచ్చు. అవి రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య ఎక్కువగా బయటి రక్తనాళాల్లోకి చేరతాయి కనుకనే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి వేలికొన నుంచి రక్తం తీస్తారు. వాటిని ఒకరి నుంచి ఇంకొకరికి మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళా అదే. అవ్వకు తెర వద్దని కాదు, మాకు లేకపోవడమే తప్పు.

ఈ జబ్బు ఒకటి రెండు కాట్లతో అంటుకునేది కాదు. దోమ ఒంట్లో పురుగు పెరుగుతుందే గాని సంఖ్య పెరగదు. దోమ దాన్ని నెత్తుటిలోకి ఎక్కించదు, చర్మం మీద వదిలితే అదే కాటు గాయం గుండా లోపలికి పాకాలి. ఆపైన ఆడదీ మగదీ ఒకే ఒంట్లో కలవాలి. అందుకు మామూలుగా నెలలు, ఏళ్ల తరబడి కాట్లు పడాలి కాబట్టి, రోజూ రాత్రి తగ్గించుకునే ప్రతి కాటూ లెక్కలోకి వస్తుంది.

మందు పట్టించిన తెరలో డెల్టామెత్రిన్ వంటి దోమలను చంపే మందు ఉంటుంది, దీర్ఘకాలిక రకం సుమారు 20 ఉతుకులకు తట్టుకుంటుంది. మా అమ్మ అలాంటి తెరను మొదటి నెలలోనే సోడాలో నానబెట్టి, మండుటెండలో ఆరేసింది! నీడన ఆరేయాలన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. అయితే పాపువా న్యూగినీలో ఈ తెరలు బాగా పనిచేయడానికి అక్కడ జబ్బును మోసేది అనాఫిలిస్ దోమ కావడం ఒక కారణం. మన క్యూలెక్స్ చాలాచోట్ల ఈ మందులకు లొంగడం మానేసింది. అప్పుడు మిగిలేది తెర అనే అడ్డు మాత్రమే, అదీ చిరుగులు లేకుంటేనే. ఒంట్లో ఏళ్ల తరబడి బతికే పురుగులకు తెర మందు కాదు, వాటికి డీఈసీ, ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్రలు మింగవలసిందే.

క్యూలెక్స్ పుట్టేది మురికికాలువలో, సెప్టిక్ ట్యాంకులో. మొన్న చిరిగిన పాత తెరలో బాగున్న ముక్కను రెండు మడతలు వేసి, మా సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం మూతికి తీగతో బిగించి కట్టాను.