న్యూయార్క్ నర్సు, పారాసిటమాల్

మా వాడు తెచ్చే సూపర్‌హీరో కామిక్స్ నేనూ వదలకుండా చదువుతాను. నిన్న ఒకదాంట్లో, న్యూయార్క్ ఆసుపత్రిలో నర్సు హీరోకి పారాసిటమాల్ ఇస్తుంది. అక్కడే ఆగిపోయాను. ఇక్కడ అమెరికాలో ఏ నర్సూ ఆ మాట అనదు. అసెటమినోఫెన్ అంటుంది, లేదా టైలెనాల్ అంటుంది. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ కూడా ఇక్కడ ఆల్బుటెరాలే. రాసింది బ్రిటన్ వాళ్లేమో.

పేరే కదా అని కొట్టిపారేయకండి. మా అమ్మ ఇక్కడికొచ్చిన కొత్తలో, ఊరి నుంచి తెచ్చుకున్న పారాసిటమాల్ వేసుకుని, పైన ఇక్కడ కొన్న జలుబు మాత్రలూ వేసుకోబోయింది. డబ్బా వెనక చూస్తే ఒక్కో దాంట్లో అసెటమినోఫెన్ 325 మిల్లీగ్రాములు! రెండూ ఒకటే మందని తెలియక మోతాదు మించితే లివర్‌కే ముప్పు.

అంతకన్నా బాధపెట్టేది ఇంకోటుంది. మానిటర్‌లో గీత తిన్నగా సాగుతుంటే డాక్టరు షాక్ ఇస్తాడు, హీరో లేచి కూర్చుంటాడు. ఆ గీతకి షాక్ పనిచేయదండీ. ఛాతీ నొక్కుతూనే ఉండాలి, ఎపినెఫ్రిన్ ఎక్కించాలి, అంటే మన అడ్రినలిన్. బొమ్మ అంత శ్రద్ధగా గీసేవాళ్లు, అచ్చుకి ముందు ఆ ఊరి నర్సు ఒకరికి ఆ పేజీ చూపించాలని గట్టిగా కోరుకుంటున్నాను.