వరుసలో చివరి మనిషిని: జైసల్మేర్ ఎడారి నడక, నా అనుభవం

డాక్టరు ఫారం మీద సంతకం పెట్టకుండా వెనక్కి తోశారు. "ఈ మోకాళ్లతో ఎడారికా? ముందు మీ కాలనీ చుట్టూ నెల రోజులు నడిచి రండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

నాకు యాభై ఒకటి. మౌలాలిలో ఇల్లు, అబిడ్స్‌లో ఉద్యోగం, పొద్దంతా కుర్చీలోనే. నన్నడక్కుండానే మా మేనకోడలు ఇద్దరి పేర్లూ రాసేసి, "అత్తా, డిసెంబరు చివర్లో జైసల్మేర్. నాలుగు రోజుల నడక. డబ్బు కట్టేశాను" అంది. ఆ డబ్బు వెనక్కి రాదని తెలిశాకే నాకు పట్టుదల వచ్చిందని ఒప్పుకోవాలి.

నవంబరు మొదటి వారం నుంచి తెల్లారుజామున కాలనీలో నడిచాను. ఆదివారాలు కేబీఆర్ పార్కు. రెండుసార్లు వీపున బ్యాగులో నాలుగు నీళ్ల సీసాలు వేసుకుని గోల్కొండ మెట్లెక్కి బాలాహిస్సార్ దాకా వెళ్లాను. ఆయాసం తగ్గింది గానీ ఇసుకలో నడవడం ఎలా నేర్చుకోవాలి? మా వీధి చివర అపార్ట్‌మెంట్ కడుతున్నారు, ముందు పెద్ద ఇసుక కుప్ప ఉంది. ఒక సాయంత్రం దానిమీద ఎక్కి దిగుతుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏం పడిపోయిందమ్మా, ఉంగరమా?" అని తనూ వెతకడం మొదలుపెట్టాడు. పైగా అది అసలు ఇసుకే కాదు, రోబో శాండ్. రాతిని పొడి చేసి అమ్మేది. గింజకు అంచులుంటాయి కాబట్టి కాలు పెద్దగా దిగబడదు. ఎడారి ఇసుక అలా కాదని తర్వాత తెలిసింది.

డాక్టరు ఈసీజీ తీయించి, బీపీ చూసి, డిసెంబరు రెండో వారంలో సంతకం పెట్టారు.

బూట్ల దగ్గర మోసపోయాను. పైన జాలీ గుడ్డతో ఉన్న బూట్లు చూపించి, "గాలి ఆడుతుంది మేడం, ఎడారికి ఇవే కరెక్ట్" అన్నాడు కొట్టతను. సైజు కూడా సరిగ్గా సరిపోయింది. సరిగ్గా సరిపోవడమే తప్పని నాకేం తెలుసు?

కాచిగూడలో రైలెక్కి, జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీలో దిగేసరికి రెండు రాత్రులు గడిచాయి. పులిహోర మొదటి రోజే అయిపోయింది. ఆవకాయ సీసా మాత్రం పదిలంగా ఉంచాం. అక్కణ్నుంచి ఇంకో రైల్లో జైసల్మేర్. రావల్ జైసల్ 1156లో కట్టడం మొదలుపెట్టిన కోట ఊరి నడుమ పసుపురంగు రాతితో నిలబడి ఉంది. దాన్ని ఆటోలోంచే చూశాను, ఆగే టైం లేదు.

శిబిరంలో మొత్తం ముప్పై రెండు మందిమి, అందులో తెలుగువాళ్లం పదకొండు మంది. గైడు నియమాలు చెప్పాడు. ముందు నడిచే మనిషిని ఎవరూ దాటకూడదు, చివర నడిచే మనిషికి వెనక ఎవరూ ఉండకూడదు. ఒంటికో రెంటికో పొదల చాటుకు వెళ్లాల్సి వస్తే బ్యాగు దారిమీదే పెట్టి వెళ్లాలి. అది కనిపిస్తే చివరి మనిషి ఆగుతాడు. ఇంత తెలివైన పద్ధతి మన తిరుమల నడకదారిలో కూడా ఉంటే బాగుండు అనిపించింది.

మొదటి రోజు నడకలో నాకు ఇసుకే కనపడలేదు. గులకరాళ్లు, పసుపురంగు రాతి పలకలు, ముళ్లపొదలు, జిల్లేళ్లు, దూరంగా గాలిమరలు. "అత్తా, ఇది షాద్‌నగర్ అవతల మన పెదనాన్న పొలంలాగే ఉంది" అంది మేనకోడలు. నిజంగానే ఈ ప్రాంతంలో చాలా మేర రాతినేల, గడ్డి మైదానమే. ఇసుక దిబ్బలు అక్కడక్కడే ఉంటాయి.

మధ్యాహ్నం నీడ కోసం ఆగిన చెట్టు చూసి చటుక్కున రెండు చేతులూ జోడించాను. జమ్మి! వాళ్లు ఖేజ్‌రీ అంటారు. రాజస్థాన్‌కూ మన తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఒకటే. దసరా రోజు 'శమీ శమయతే పాపం' అని కాగితం మీద రాసి కొమ్మకు కట్టే చెట్టు ఇక్కడ మేకలకు మేత, మనిషికి కూర. లేత కాయలను సాంగ్రీ అంటారు. వాటిని ఎండబెట్టి, కేర్ అనే ఎడారి పొద కాయలతో కలిపి వండుతారు. ఆ రాత్రి సజ్జ రొట్టెలతో పెట్టారు. కొంచెం వగరు, కొంచెం పులుపు. మా ఆవకాయ సీసా ఆ పూట తెరవలేదు.

నేను దణ్నం పెట్టడం చూసినవాడు మా చివరి మనిషి. అరవై దాటి ఉంటాయి, ఎర్ర తలపాగా. జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ కథ ఆయనే చెప్పాడు. 1730లో రాజు మనుషులు ఈ చెట్లు కొట్టడానికి వస్తే అమృతాదేవి చెట్టును కావలించుకుని ప్రాణం వదిలిందట. చెట్లను కాపాడటమే ధర్మమని నమ్మే బిష్ణోయీలు మొత్తం 363 మంది అలాగే పోయారు.

రెండో రోజు నేను వెనకబడ్డాను. జాలీ గుడ్డలోంచి పిండిలాంటి ఇసుక లోపలికి చేరి, మేజోళ్ల కింద రాపిడి మొదలైంది. పదకొండింటికి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. ముందువాళ్లు ఆగి నాకోసం ఎదురుచూడటం, నేను చేరగానే లేచి మళ్లీ బయల్దేరడం. అంటే విశ్రాంతి వాళ్లకే, నాకు లేదు. మూడోసారి అలా జరిగాక ఏడుపొచ్చింది. జీపులో పంపేయమని అడుగుదామనుకున్నాను.

చివరి మనిషి నన్ను కూచోబెట్టి బూట్లు విప్పించాడు. బొబ్బ చిదమకుండా పైన గుడ్డ టేపు వేసి, నా పాత మేజోళ్ల పాదం కోసేసి, మిగిలిన గొట్టాన్ని బూటు పైనుంచి కాలికి తొడిగాడు. ఇసుక చాలా మటుకు ఆగిపోయింది. తర్వాత నడక నేర్పాడు. వేళ్లతో నేలను వెనక్కి తన్నొద్దు, పాదం మొత్తం ఒకేసారి మోపు, చిన్న అడుగులు వెయ్యి, ముందువాళ్ల అడుగుజాడలోనే కాలు పెట్టు. ఆయనది మార్వాడీ కలిసిన హిందీ. నాది అవునుకు "హౌ", వద్దుకు "నక్కో" అనే హైదరాబాదీ. నేను "నక్కో" అన్నప్పుడల్లా ఆయనకు నవ్వాగేది కాదు.

అప్పటినుంచి చివర నడవడానికే ఇష్టపడ్డాను. ముందున్న ముప్పై మంది సెల్ఫీలు తీసుకుంటుంటే నేను పురుగు నడిచిన గీతలు, నక్క అడుగులు చూశాను. ఎత్తయిన కరెంటు తీగలకు గిర్రున తిరిగే బిళ్లలు చూపించి, పిట్టల కోసం అన్నాడు చివరి మనిషి. గోడావణ్ అనే పెద్ద పిట్టకు ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు, బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు, తీగకు తగిలి చస్తుంది. అది మన బట్టమేక పిట్టే! కర్నూలు వైపు రోళ్లపాడులో దాన్ని చూశానని నాన్న చెప్పేవారు. దేశం మొత్తంలో 150 కూడా మిగల్లేదు. నాలుగు రోజులూ కళ్లు కాయలు కాచేలా చూశాను. ఒక్కటీ కనపడలేదు.

చలి సంగతి చెప్పకపోతే అన్యాయం. ఎడారి అనగానే నేను కాటన్ బట్టలే సర్దుకున్నాను. పగలు పాతిక డిగ్రీలు, తెల్లారి ఐదింటికి గైడు థర్మామీటరులో 6. తేమ లేని గాలి, మబ్బు లేని ఆకాశం, పగలు పుట్టిన వేడిని ఇసుక ఇట్టే వదిలేస్తుంది. మేనకోడలి మంకీ క్యాప్ లాక్కుని, రెండు చీరలు చుట్టుకుని పడుకున్నాను.

మూడో రోజు దిబ్బలు వచ్చాయి. గాలి వీచే వైపు వాలు తక్కువగా, ఇసుక గట్టిగా ఉంటుంది. అవతలి వైపు నిటారుగా, మెత్తగా ఉండి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. పొద్దున్నే మంచు తడికి ఇసుక కొంచెం పట్టుకుంటుంది కాబట్టి చీకటితోనే బయల్దేరాం. ఎక్కడం కన్నా దిగడం నన్ను బాధపెట్టింది. ప్రతి అడుగుకూ బొటనవేలు బూటు కొసకు గుద్దుకునేది.

ఆ దిగువనే ఒక బేరీ చూశాం. మనిషి పట్టేంత సన్నటి బావి, చుట్టూ రాతి వరుస, పైన చెక్క మూత. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కిందున్న జిప్సం పొర మీద ఆగుతుంది. ఇంకా లోతున ఉన్న ఉప్పు నీటితో కలవదు. రాత్రంతా ఊరిన నీళ్లు పొద్దున తోడుకుంటారు. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా కురవని చోట ఇది! హైదరాబాద్‌లో దానికి నాలుగింతలు పడుతుంది. మా అపార్ట్‌మెంట్ బోరు వేయి అడుగులు దాటినా ఏప్రిల్లో ట్యాంకర్ కోసం పోట్లాడుకుంటాం. చేద తాడు కొలిచి చూశాను, నలభై అడుగులు కూడా లేదు. నీళ్లు తియ్యగా ఉన్నాయి.

నాలుగో రోజు సమ్ దిబ్బల దగ్గర నడక ముగిసింది. జీపుల హోరు, డీజే పాటలు, ఒంటె సవారీ బేరాలు. అక్కడి టీ కొట్టులో ఆవకాయ సీసా మా చివరి మనిషికి ఇచ్చేశాను. మూత తీసి వాసన చూసి, వేలితో నాకి, కళ్లు తుడుచుకుంటూ "నక్కో" అన్నాడు. సీసా మాత్రం సంచిలో వేసుకున్నాడు.

బూట్లు బాల్కనీలో దులిపితే గుప్పెడు ఇసుక వచ్చింది. ఎడమ బొటనవేలి గోరు రైల్లోనే నల్లబడింది, ఫిబ్రవరిలో ఊడిపోయింది. మేనకోడలు మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి హిమాలయాల్లోని స్పితి అట. డబ్బు కట్టే ముందు ఒక సైజు పెద్ద బూట్లు కొనిపెట్టమన్నాను.