అరువు కెమెరాతో ఒక ఆదివారం

వచ్చే వారం కెమెరాను స్నేహితుడికి తిరిగి ఇచ్చేయాలి. మూడు నెలలుగా నా చేతిలో ఉన్నది అతని పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానితోపాటు వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్స్. ఇక సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఈ ఉదయమంతా రకరకాల కెమెరాల వివరాలను పక్కపక్కన పెట్టుకొని చూశాను. తల బరువెక్కడమే తప్ప ఒక్క పేరూ తేలలేదు.

మెగాపిక్సెళ్ల విషయంలో మాత్రం ఒక లెక్క వేసుకున్నాను. 24 మెగాపిక్సెళ్లంటే 6000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రిస్తే 20 అంగుళాల వెడల్పున్న ఫోటో వస్తుంది. ఇంతవరకు నేను ప్రింటు వేయించుకున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది అరచేయంత. ఎక్కువ మెగాపిక్సెళ్ల పోటీ నాకు సంబంధించినది కాదు.

మధ్యాహ్నం చేసిన పనిని నిజానికి ఉదయమే చేసి ఉండవలసింది. ఈ మూడు నెలల్లో తీసినవాటిలో నాకు నచ్చి దాచుకున్న ఫోటోలను వేరుచేసి, ఒక్కోదానిని ఏ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే మి.మీ. అంకె) తీశానో వరుసగా చూశాను. చాలావరకు 35కు అటూ ఇటూగానే ఉన్నాయి. ఇంట్లో 55 దాకా జూమ్ చేసి తీసినవన్నీ మసకబారాయి. ఆ కొసన ఈ లెన్స్ ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు కనుక, గదిలోని కాస్త వెలుతురుకు షట్టర్ సెకనులో 15వ వంతు సేపు తెరిచి ఉండవలసి వచ్చింది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది; ఎఫ్/1.8 లెన్స్ అయితే దాదాపు పది రెట్ల కాంతిని లోపలికి రానిస్తుంది. అదే ఫోటోకు సెకనులో 150వ వంతు సరిపోయేది. ఇన్నాళ్లూ తప్పంతా నా చేతి వణుకుదేననుకున్నాను.

ఇంకొకటి కూడా గమనించాను. వెనుకదంతా కరిగిపోయి ముఖం మాత్రమే స్పష్టంగా కనిపించేలా తీయడమే నా శైలి అవుతుందని అనుకుంటూ వచ్చాను గాని, దాచుకున్నవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. అన్నింటిలోనూ మనిషి ఒక పక్కకు ఉన్నాడు, మిగిలిన చోటంతా గదే: సగం తెరిచిన తలుపు, బల్ల మీది పుస్తకం, పక్క నుంచి పడే వెలుతురు.

నాకు 35 ఒక్కటే సరిపోతుందేమో పరీక్షించడానికి జూమ్ రింగును 35 దగ్గర టేపుతో అతికించాను. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెస్సాన్ ఎక్కువగా వాడినది 50 మి.మీ. లెన్స్, ఆయన ఫిల్ము ఫ్రేము వెడల్పు 36 మి.మీ., ఈ కెమెరాలో ఫిల్ము స్థానంలో ఉండే సెన్సర్ వెడల్పు సుమారు 24 మి.మీ. కాబట్టి ఇక్కడి 35 దాదాపు అక్కడి 50 చూసినంతే చూస్తుంది. పోలిక అక్కడితో సరి.

మొదటి అరగంట విసుగు పుట్టింది. దగ్గరగా కావాలంటే నేనే నడవాలి, దూరంగా కావాలంటే గోడ అడ్డం. సాయంత్రానికి మాత్రం కెమెరా ఎత్తకముందే ఫ్రేములో ఏది పడుతుందో, ఏది మిగిలిపోతుందో కొంత అంచనా అందసాగింది. కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్న అమ్మ, "ఒకే బొమ్మ ఎన్నిసార్లు తీస్తావు?" అని అడిగేదాకా తీస్తూనే ఉన్నాను. నలభైకి మూడు నిలిచాయి.

రాత్రి, కొనవలసిన వాటి జాబితాలో ట్రైపాడ్‌నూ పెద్ద జూమ్ లెన్స్‌నూ కొట్టేశాను. ఎవరో వాడిన పాత కెమెరా, 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ మిగిలాయి. కెమెరా తిరిగి ఇచ్చేలోగా రింగు మీది టేపు జిగురు తుడవాలి.